పడుగు పేకల నుండి చుక్కదీపముల దాకా

ఉగాది నాటి ఉదయమున మన పూర్ణ గ్రామములో ఏ వీధి వెంట నడచినను రెండు పండుగలు ఒక్కసారి కన్నులకు కట్టును. మరాఠీ సోదరుల గుమ్మము ముందు గుడి ఎత్తియుండును. వెదురుకఱ్ఱకు పట్టుగుడ్డ, వేపమండ, పంచదార బిళ్లల దండ, పైన బోర్లించిన చెంబు. ప్రక్క గుమ్మము మనవారిది. మామిడాకుల తోరణము, వాకిట చుక్కల ముగ్గు, లోపల వేపపూవు పచ్చడి. సాయంకాలమైనచో ఈ రెంటికిని తోడుగా మూడవ శోభ యొకటి ఇటీవలి కాలమున వచ్చి చేరినది. అది రంగులు మార్చుకొను చిన్నదీపముల వరుస. చూచుచుండగనే ఎఱ్ఱని తోరణము పచ్చనగును. పచ్చని తోరణములో ఒక చిలుక ఎగిరిపోవును. చిత్రములోని అతి చిన్న చుక్కకు పిక్సెల్ అని పేరు గనుక వీటిని పిక్సెల్ దీపములందురు. మేము చుక్కదీపములని పిలుచుకొనుచున్నాము.

ఈ దీపములను చూచి మన పెద్దలు, ఇది పరదేశపు విద్య, మగ్గము పట్టిన చేతులకు దీనితో పని యేమి అనుచున్నారు. మన యువకులు, ఇది కంప్యూటరు విద్య, సాంచా నడిపినవారికి ఇది తెలియదు అనుచున్నారు. ఇరువురి మాటయు ఒక్కటే, ఇరువురి పొరపాటును ఒక్కటే. ఈ విద్య నడచివచ్చిన దారి మగ్గపు గుంట ప్రక్కగానే వచ్చినది. ఆ దారిని మా శక్తికొలది ఈ సంచికలో వివరింపదలచితిమి.

మనము ఇచ్చటికి వచ్చిన వైనము

ముందు మన సంగతి చెప్పుకొందము. కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ, మహబూబునగరము జిల్లాల నేతకుటుంబములు, ముఖ్యముగా పద్మశాలీలు, చేతిమగ్గము మీద కడుపు నిండక షోలాపూరునకు, బొంబాయి మిల్లులకు, భివండీకి వలస వచ్చిరి. భివండీలో అప్పటికే ఉత్తరదేశమునుండి వచ్చిన మోమిన్ నేతగాండ్రు స్థిరపడియుండిరి. ఊరికి విద్యుత్తు వచ్చిన పిదప చేతిమగ్గము కూర్చున్న చోట మరమగ్గము, మనవారి మాటలో సాంచా, వచ్చి నిలిచినది.

1982 జనవరి 18వ తేదీన దత్తా సామంత్ నాయకత్వమున బొంబాయి మిల్లు కార్మికుల సమ్మె ఆరంభమైనది. సుమారు రెండున్నర లక్షల మంది పని మానిరి. చాల మిల్లులు ఆ పిదప కోలుకొనలేదు. ఆ నేతలో పెద్ద భాగము భివండీ సాంచాల మీదికి మరలినది. కామత్‌ఘర్, పద్మానగర్ ప్రాంతములలో మన కుటుంబములు పెరిగినవి. ఇచ్చట పని నేర్చి తిరిగి వెళ్లినవారిలో సిరిసిల్లలో సాంచాలు పెట్టుకొన్నవారును కలరు.

నేటి స్థితి వేరు. 2016 నాటి నోట్ల రద్దు, 2017లో వచ్చిన జి.ఎస్.టి., 2020 నాటి లాక్‌డౌన్, ఒకదాని వెనుక ఒకటి వచ్చి చిన్న సాంచా యజమానిని అలసటపరచినవి. ఠాణా నుండి భివండీకి వచ్చు దారిలో కాల్హేర్, పూర్ణ, రాహనాల్ ప్రాంతములలో ఒకప్పుడు పొలములుండిన చోట నేడు గోదాములు లేచినవి. తండ్రి సాంచా నడుపగా కొడుకు గోదాములో పెట్టెలు లెక్కపెట్టుచున్నాడు. పాత ఇనుము ధరకు సాంచాలను తూచి అమ్మివేసిన షెడ్డులను మేము కన్నులార చూచితిమి. ఇనుమునకు ధర కట్టినారు గాని దానిని నడిపిన చేతి తెలివికి ఎవరును ధర కట్టలేదు. మా వ్యాసమునకు అసలు కారణము ఇదియే.

దీపాలంకరణ పూర్వకథ

మన పండుగలకు దీపము నూనెతో మొదలైనది. ఒక్కొక్క ప్రమిదను ఒక్కొక్క చేయి వెలిగించెను. ఒకటి ఆరిపోయినను తక్కినవి వెలిగెడివి. పిదప పెళ్లి ఊరేగింపులకు పెట్రోమాక్సు దీపములు తలల మీదికి ఎక్కినవి.

విద్యుద్దీపములను పండుగకు కట్టుట 1882వ సంవత్సరము డిసెంబరులో న్యూయార్కు నగరమున జరిగినది. ఎడిసన్ సహచరుడైన ఎడ్వర్డు జాన్సన్ తన యింట క్రిస్మస్ చెట్టునకు ఎఱుపు, తెలుపు, నీలము రంగుల చిన్న దీపములు 80 కట్టి వెలిగించెను. ఆ చెట్టు మరపెట్టె మీద తిరుగుచు చూపరులకు రంగులు మార్చి చూపినది. అదే సంవత్సరము మన బొంబాయి క్రాఫర్డు మార్కెట్టులో విద్యుద్దీపములు వెలిగినవని చెప్పుదురు. నేటికిని దీపములు, తీగెలు కొనవలసినవారు ఆ మార్కెట్టునకు చేరువలోనున్న లోహార్ చాల్‌కే పోవుచున్నారు. 1915లో ఖోపోలి వద్ద టాటావారి జలవిద్యుత్కేంద్రము పని ఆరంభించి బొంబాయి మిల్లులకు కరెంటు పంపినది. మిల్లు, దీపము, ఈ రెండును ఈ ప్రాంతమున ఒకే తీగె మీద పెరిగినవి.

పిదప వచ్చినవి సీరియల్ బల్బులు. ఇవి మన పెద్దలందరికి తెలిసినవే. ఇంటికి వచ్చు కరెంటు 230 వోల్టులు. ఆరు వోల్టుల చిన్న బల్బులను ముప్పదియెనిమిదింటిని ఒకదాని తోక మరియొకదానికి కలిపి కట్టినచో 230 వోల్టులు వాటి మధ్య పంచబడును. లెక్క చక్కనిదే, చిక్కు కూడ దానిలోనే కలదు. ఒక్క బల్బు మాడినచో దండ అంతయు ఆరిపోవును. వినాయకచవితి మండపములలో ఒక కుఱ్ఱవాడు మంచి బల్బు నొకదానిని చేతబట్టుకొని ముప్పదియెనిమిది చోట్లను మార్చి మార్చి చూచుట మనమందరము ఎరిగినదే.

తరువాతి మెట్టు దీపములతో బొమ్మలు కదలించుట. ఈ విద్యలో బెంగాలుదేశపు చందన్‌నగర్ పట్టణము పేరొందినది. జగద్ధాత్రి పూజకు అచ్చటి కళాకారులు వెదురుచట్రముల మీద వేల బల్బులు కట్టి నెమళ్లను ఆడించిరి, చేపలను ఈదించిరి. వారిలో శ్రీధర్ దాస్ ప్రసిద్ధుడు. బొమ్మ కదలుటకు వారు వాడినది తిరుగు రోలరు. రోలరు మీద అక్కడక్కడ లోహపు రేకులుండును. రోలరు తిరుగునప్పుడు ఏ రేకు ఏ తీగెకు తగిలిన ఆ బల్బుల గుంపు వెలుగును. రెక్క పైకెత్తిన నెమలి యొక గుంపు, రెక్క దించిన నెమలి మరియొక గుంపు. రెండును మార్చి మార్చి వెలిగినచో నెమలి రెక్కలాడించినట్లు కనిపించును.

సాంచా పని తెలిసినవారు దీనిని వెంటనే గుర్తించగలరు. ఇది డాబీయే. డాబీలో మేకు ఉన్నచోట అచ్చు లేచును, లేనిచోట లేవదు. అచ్చు లేచినప్పుడు దానికి కట్టిన పోగులన్నియు కలిసి లేచును. అందుచేత డాబీతో చిన్న చిన్న గళ్లు, గీతలు, బుటాలు నేయవచ్చును గాని నెమలిని దాని కంటిరెప్పతో సహా నేయలేము. రోలరు కథయు అంతే. అది గుంపును వెలిగించును గాని, ఒక్కొక్క దీపమును వేరువేరుగా పలుకరింపలేదు. మైసూరు రాజభవనమునకు సుమారు లక్ష బల్బులున్నను, అవి వెలిగిన అన్నియు వెలుగును, ఆరిన అన్నియు ఆరును.

ఒక్కొక్క పోగును పిలిచిన యంత్రము

ఒక్కొక్క పోగును దాని పేరు పెట్టి పిలిచినట్లు ఎత్తగల యంత్రము ఫ్రాన్సుదేశమున లియాన్ పట్టణపు పట్టునేతగాండ్ర నడుమ పుట్టినది. 1725లో బసీల్ బూషోన్ అనువాడు రంధ్రములు చేసిన కాగితపు చుట్టతో పోగులను ఏర్పరచు ఉపాయము కనిపెట్టెను. 1728లో జాన్ బాప్టిస్ట్ ఫాల్కన్ ఆ కాగితమునకు బదులు విడివిడి అట్టలను వాడెను. వీటిని మెరుగుపరచి 1804లో జోసెఫ్ మరీ జకార్డు తన యంత్రమును స్థిరపరచెను. నేటికిని మనము జకార్డు అనునది అతని పేరే.

దాని పని మనలో పలువురకు తెలిసినదే యైనను పిల్లల కొరకు చెప్పుచున్నాము. అట్టలో రంధ్రమున్నచోట సూది లోనికి పోవును. ఆ సూదితో కూడిన కొక్కెము నిలిచియుండును. పైకి లేచు కత్తి ఆ కొక్కెమును పట్టుకొని పోగును ఎత్తును. రంధ్రము లేనిచోట అట్ట సూదిని వెనుకకు నెట్టును; కొక్కెము తొలగును; పోగు క్రిందనే యుండును. నాడె ఒక్కసారి పోవుటకు ఒక అట్ట. రంధ్రము ఔనని చెప్పును, రంధ్రము లేమి కాదని చెప్పును. ఈ ఔను కాదులతోనే నెమలి కన్ను కూడ నేయబడును. 1839లో జకార్డు ముఖచిత్రమునే పట్టు మీద నేసిరి. దానికి సుమారు 24 వేల అట్టలు పట్టినవి.

ఈ నేతచిత్రములలో ఒకటి ఇంగ్లండులో చార్లెస్ బాబేజ్ అను గణితవేత్త చేతికి వచ్చినది. అతడు తాను తలపెట్టిన గణనయంత్రమునకు జకార్డు అట్టలనే ఆదేశములుగా వాడదలచెను. 1843లో ఎడా లవ్‌లేస్ అను విదుషీమణి ఆ యంత్రమును వివరించుచు దానిని జకార్డు మగ్గముతో పోల్చెను. 1890లో అమెరికాలో జనాభా లెక్కలను హెర్మన్ హోలరిత్ రంధ్రముల అట్టలతో లెక్కించెను. మగ్గమే కంప్యూటరుగా మారినదని మేము చెప్పుట లేదు. అది అతిశయోక్తి యగును. కాని ఒక చిత్రమును ఔను కాదులుగా విడగొట్టి యంత్రమునకు వినిపించవచ్చునని లోకమునకు మొదట చేసి చూపినవారిలో నేతగాండ్రు ముందున్నారు. ఈ మాట మన పిల్లలకు పాఠశాలలో ఎవరును చెప్పరు. మనమే చెప్పవలెను.

చుక్కదీపము లోపలి సంగతి

ఇక దీపము వైపు. 1962లో అమెరికాలో నిక్ హోలోన్యాక్ కంటికి కనిపించు ఎఱ్ఱని వెలుగునిచ్చు డయోడును చేసెను. పిదప ఆకుపచ్చ వచ్చినది. నీలము మాత్రము చాలకాలము లొంగలేదు. జపానుకు చెందిన అకసాకి, అమానో, నకమురా అను మువ్వురు ఆ పనిని సాధించిరి. అందులకు వారికి 2014లో నోబెల్ బహుమానము లభించినది. ఎఱుపు, ఆకుపచ్చ, నీలము మూడును చేతికి వచ్చిన పిదప మూడింటి కలయికతో ఏ రంగైనను చూపవచ్చును.

చుక్కదీపములో ఈ మూడు డయోడులును, వాటి ప్రక్కన ఒక చిన్న చిప్పును ఉండును. బజారులో ఎక్కువగా దొరకునది డబ్ల్యు.ఎస్. 2811 అను రకము. ఒక్కొక్క రంగునకు 256 మెట్లు; మూడు రంగుల కలయికలు 1 కోటి 67 లక్షల 77 వేల 216. దీపములు వేయి యున్నను వాటికి వార్త తెచ్చు తీగె ఒక్కటియే. అదెట్లనగా, పంక్తి భోజనములో గిన్నె చేతినుండి చేతికి పోవునట్లు. మొదటి దీపము తనకు వచ్చిన వార్తలో ముందున్న 24 అక్షరములను, అనగా ఇరువదినాలుగు ఔను కాదులను, తాను ఉంచుకొని మిగిలినది ముందుకు పంపును. రెండవది తన పాలు తీసికొని మిగిలినది మూడవదానికి పంపును. సెకనుకు ఎనిమిది లక్షల ఔను కాదులు ప్రవహించును గనుక వేయి దీపములకు వార్త అందుటకు సెకనులో సుమారు ముప్పదియవ వంతు చాలును.

కాబట్టి సీరియల్ బల్బునకును చుక్కదీపమునకును గల తేడా, డాబీకిని జకార్డునకును గల తేడాయే. అచ్చట గుంపు లేచును, ఇచ్చట ఒక్కొక్కటి లేచును. దీపముల బొమ్మకు కంప్యూటరులో తయారు చేయు కాగితము కూడ మన గ్రాఫు కాగితము వంటిదే. ఒక గడి ఒక పోగు అనుటకు బదులు ఒక గడి ఒక దీపము అందురు. ఎక్స్‌లైట్స్ అను ఉచిత సాఫ్ట్‌వేరు నేడు ప్రపంచమంతట క్రిస్మస్ వేడుకలకు ఇండ్లముందు దీపాలంకరణ చేయువారు వాడుచున్నారు. దానిని తెరచినచో కనిపించునది గడులే. అందులోని లెక్కలలో కొన్ని రంగస్థలము నుండి వచ్చినవి. నాటకశాల దీపములను నడుపుటకు 1986లో అమెరికాలో ఏర్పడిన డి.ఎం.ఎక్స్. 512 అను పద్ధతిలో ఒక కట్టకు 512 దారులు. దీపమునకు మూడు దారుల చొప్పున ఒక కట్టకు 170 దీపములు పట్టును.

పూర్ణకుంభము కట్టిన కథ

ఇంతవరకు పుస్తకపు మాట. ఇక మా వీధి మాట. మా యువకులు కొందరు పండుగకు ఒక పూర్ణకుంభము బొమ్మను కట్టదలచిరి. ఊరి పేరు పూర్ణ గదా, అందుకని. అడ్డముగా 20 గడులు, నిలువుగా 25 గడులు, మొత్తము 500 దీపములు. ఏబదేసి దీపముల దండలు పది తెచ్చిరి. ప్లాస్టిక్ పలకకు రంధ్రములు చేసి ఒక్కొక్క దీపమును గ్రుచ్చిరి. అడుగు వరుస ఎడమనుండి కుడికి కట్టి, తీగె పొదుపు కొరకు కుడికొసననే రెండవ వరుస ఎక్కించి, కుడినుండి ఎడమకు వచ్చిరి. మూడవది మరల ఎడమనుండి కుడికి.

వెలిగించినప్పుడు కుంభము కనిపించలేదు. చిరిగిన గోనెపట్టా వలె ఏదో కనిపించినది. కొబ్బరికాయ సగము ఇటు, సగము అటు. ఆకుపచ్చగా నుండవలసిన మామిడాకులు ఎఱ్ఱగా నున్నవి. పైవరుసల తెలుపు గులాబిరంగుగా మారినది. యువకులు రెండు రాత్రులు తీగెలు విప్పి కట్టిరి, కట్టి విప్పిరి. దండలు చెడ్డవని అమ్మినవానిని తిట్టుకొనిరి.

మూడవ రాత్రి ఒక పెద్దాయన అచ్చటికి వచ్చెను. ఆయన యౌవనమున జకార్డు మగ్గములకు అట్టలు కొట్టినవాడు. పిదప సాంచా నడిపినవాడు. సాంచా అమ్మివేసిన నాటినుండి ఇంటి అరుగు మీద కూర్చుండువాడు. కొంతసేపు చూచి, ఈ తీగె ఎటు పోయినదని అడిగెను. ఒక కుఱ్ఱవాడు వ్రేలితో చూపెను.

“అంటే నాడె లెక్క పోయి మళ్ల వచ్చింది గద బిడ్డా?”

“అవును తాతా.”

“మరి మీ మిషన్ల అట్ల రాసిండ్రా? లేకపోతే అన్ని వరుసలు ఎడమకెల్లే మొదలైతయని రాసిండ్రా?”

కుఱ్ఱవాడు సమాధానము చెప్పక కంప్యూటరు తెరచి చూచెను. ప్రతి వరుసయు ఎడమనుండియే మొదలగునని అందులో వ్రాసియున్నది. తీగె పోయి వచ్చుచుండగా లెక్క మాత్రము పోవుచునే యున్నది. అందుచేత ఒకటి విడిచి ఒక వరుస తిరగబడినది. ఆ యొక్క గుర్తును మార్చినంతనే కొబ్బరికాయ కుదురుకొన్నది. అచ్చటనున్న వారందరును చప్పట్లు కొట్టిరి. పెద్దాయన మాత్రము, “ఆకులింక ఎర్రగనే ఉన్నయి, రంగుల వరుస చూసుకోరి” అనెను.

అదియు నిజమే. కొన్ని రకముల దీపములలో వార్త ఎఱుపు, ఆకుపచ్చ, నీలము అను వరుసలో పోవును. కొన్నిటిలో ఆకుపచ్చ ముందు. వరుస తప్పినచో ఎఱుపు పచ్చనగును, పచ్చ ఎఱుపగును. పేకలో రెండు కండెలు తారుమారైనచో చీరె ఏమగునో ఇదియు అదే యగును.

మూడవ దోషము కరెంటుది. ఐదు వోల్టుల దీపము తెల్లగా నిండుగా వెలిగినచో సుమారు 60 మిల్లీ ఆంపియర్లు త్రాగును. 500 దీపములకు 30 ఆంపియర్లు, అనగా 150 వాట్లు. ఇంత కరెంటు సన్నని తీగెలో ఒక కొసనుండియే పోయినచో దారిలోనే వోల్టులు తరిగిపోవును. నీలమునకు, పచ్చకు సుమారు మూడు వోల్టులు కావలెను, ఎఱుపునకు రెండు చాలును. కాబట్టి చివరి దీపములలో ముందు నీలము అలసిపోవును, పిదప పచ్చ. ఎఱుపు మాత్రము మిగులును. తెలుపు ఎఱ్ఱబారుటకు కారణమిదియే. షెడ్డు చివరి సాంచా మోటారు వోల్టులు చాలక మూలుగుటను ఎరిగినవారికి ఇది క్రొత్త సంగతి కాదు. మందు కూడ తెలిసినదే: లావు తీగెతో కరెంటును నడుమ నడుమ అందించవలెను. మావారు ప్రతి రెండు దండలకు ఒకచోట అందించిరి, తెలుపు తెలుపైనది.

తీగె కట్టువారికి నాలుగు మాటలు

మా అనుభవమున తెలిసిన మరికొన్ని సంగతులు వచ్చే పండుగకు కట్టువారి కొరకు వ్రాయుచున్నాము.

దీపముల దండకు తల వేరు, తోక వేరు. వార్త లోనికి వచ్చు కొసకే నియంత్రణ పెట్టెను కలుపవలెను. తలక్రిందులుగా కలిపినచో ఒక్కటియు మాట వినదు. దండ నడుమ వెలుగు తెగినచో, ఆరిన వాటిలో మొదటిదియో, వెలిగిన వాటిలో చివరిదియో దోషి. ముప్పదియెనిమిది బల్బులు మార్చి చూచు కష్టము ఇచ్చట లేదు. కరెంటు పెట్టెలు రెండు వాడినచో వాటి రుణపు తీగెలను నియంత్రణ పెట్టె రుణముతో కలుపవలెను. లేనిచో దీపములు పిచ్చిగా మినుకుమినుకుమనును. రెండు పెట్టెల ధనపు తీగెలను మాత్రము ఒకదానితో నొకటి కలుపరాదు. 150 వాట్ల పనికి 200 వాట్ల పెట్టె తెచ్చుకొనవలెను. యంత్రమును ఎల్లప్పుడు నిండు బరువున నడుపరాదని మనకు చెప్పనక్కరలేదు. రాత్రివేళ మూడవ వంతు వెలుగే కన్నులకు చాలును. దానితో కరెంటును తగ్గును, వేడియు తగ్గును.

అన్నిటికంటె ముఖ్యమైనది ప్రాణరక్షణ. దీపము వద్ద ఐదు వోల్టులే గదా యని ఏమరరాదు. ఐదు వోల్టులు మనిషిని పట్టుకొనకపోవచ్చును గాని ముప్పది ఆంపియర్లు సన్నని తీగెను కాల్చగలవు. మనది నూలు, దూది, బట్టల ఊరు. ఒక నిప్పురవ్వ చాలును. ప్రతి కొమ్మకు ఫ్యూజు ఉండవలెను. పెట్టెకు వచ్చు తీగెలో 230 వోల్టులున్నవి. వినాయకచవితి వానలలో వచ్చును, బతుకమ్మకును వాన పూర్తిగా వెనుదీయదు. పెట్టెను తడవని చోట నేలకు ఎత్తుగా పెట్టి, లీకేజీ పట్టుకొను బ్రేకరు ద్వారా కరెంటు తీసికొనవలెను. స్తంభము మీది తీగెకు కొక్కెము తగిలించుట పండుగకు తగిన పని కాదు. తాత్కాలిక కనెక్షను అడిగి తీసికొనవలెను. వెలుగు కొరకు కట్టినది ఒక యింట చీకటి తెచ్చినచో ఆ పండుగ ఎవరికి?

మా మనవి

చుక్కదీపములు సాంచాకు బదులు బ్రతుకునిచ్చునని మేము చెప్పజాలము. పండుగలు ఏడాదికి కొన్ని దినములు. పొయ్యి వెలుగవలసినవి మూడువందల అరువదియైదు దినములు. మా మాట వేరు. ఆ పెద్దాయన మూడవ రాత్రి అరుగు దిగి రాకపోయినచో మా యువకులు ఇంకను దండలు విప్పుచునే యుందురు. ఆయనయు తన విద్య ఇనుముతో పాటు తూకమునకు పోయినదని నమ్మియుండును. ఆయనకు కంప్యూటరు తెరచుట నేటికిని రాదు. వారికి అట్ట కొట్టుట రాదు. కాని పది అడుగుల దూరమున నిలిచి లెక్క ఎచ్చట తప్పినదో చెప్పగలిగినది ఆయనయే.

కావున మా మనవి మూడు మాటలు. ఇంట మిగిలిన జకార్డు అట్టలు, గ్రాఫు కాగితములు, లెక్క పుస్తకములు చిత్తుకాగితముల వానికి వేయకుడు. సంఘమునకు తెచ్చి ఇండు, మేము భద్రపరచెదము. దీపములు కట్టు రాత్రి ఒక పెద్దవానిని పిలిచి ప్రక్కన కుర్చీ వేయుడు. ముగ్గు వేయు మన ఆడపడుచులను కూడ పిలువుడు. చుక్కలు లెక్కించి, చుక్క చుట్టు గీత త్రిప్పుట వారికి పుట్టువిద్య, బొమ్మ గీయుటకు వారికంటె యోగ్యులు లేరు.

ఈ యేడు ఉగాది సాయంకాలమున మా వీధి కొసన పూర్ణకుంభము మరల వెలుగును. మామిడాకులు ఈసారి పచ్చగానే యుండును. ఆ పెద్దాయన ముందు వరుసలో కూర్చుండును. తమ పిల్లలతోను, తమ ఇంటి పెద్దలతోను కలిసి వచ్చి చూడవలసినదిగా తెలుగు కుటుంబముల నెల్లరను ఆహ్వానించుచున్నాము. క్రొత్త సంవత్సరమున అందరి ఇండ్లయందును దీపము, మగ్గము, రెండును ఆరకుండుగాక.